లోపల ఉన్న లారీలు: నూట నలభై మూడు

మొన్న కర్నూలులో, మా సందు చివర టీ కొట్టు దగ్గర ఇద్దరు యువకులు పగలబడి నవ్వుకుంటున్నారు. మెడలో గుర్తింపు కార్డులు, చేతుల్లో హెల్మెట్లు. ఒకతను రెండో అతనికి కథ చెబుతున్నాడు.

"ఎర్రగుంట్ల పక్కన మా ఫ్యాక్టరీలో ఒక ముసలాయన కాటా కాడ కూర్చునేవాడంటప్పా. కంప్యూటర్ నొక్కేది రాక, ఒక్క దినంలో నూట నలభై మూడు లారీలు పుట్టించినాడంట!"

ఆ కథ నాకు తెలుసు. అంకెతో సహా సరిగ్గానే చెప్పాడు. మనిషిని మాత్రం మార్చి చెప్పాడు. ఆ లారీలను పుట్టించింది ముసలాయన కాదు, నేను. ఆ మాట అక్కడే చెప్పేద్దామని గ్లాసు కింద పెట్టేలోపు వాళ్ళు బైకెక్కి వెళ్ళిపోయారు. అందుకని రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీరు చదివితే ఇంకా మంచిది. మీ చేతికి వచ్చే యంత్రాలు మావాటికన్నా వేగమైనవి, కాబట్టి మీ తప్పులూ వేగంగానే జరుగుతాయి.

నేను ఆ సిమెంటు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు కంప్యూటర్లు చూసుకున్నాను. పెద్ద హోదా ఏమీ కాదు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ గుర్తొచ్చే మనిషిని. కాగితం బయటికి వచ్చాక మళ్ళీ మరిచిపోయే మనిషిని.

కాటా అంటే తెలియని వాళ్ళ కోసం ఒక మాట. ఫ్యాక్టరీ గేటు దగ్గర నేలకు సమంగా పెద్ద ఇనుప వేదిక ఉంటుంది. లారీ మొత్తం దాని మీదికి ఎక్కుతుంది. పక్కనే చిన్న గది, కిటికీ, లోపల ఒక కంప్యూటర్. బొగ్గు లారీ నిండుగా లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి తూగుతుంది, బొగ్గు దించి ఖాళీగా వెళ్ళేటప్పుడు ఇంకోసారి తూగుతుంది. వెళ్ళేటప్పుడు చీటీ అచ్చవుతుంది. వచ్చేటప్పుడు చీటీ గీటీ ఏమీ ఉండదు. లారీ నంబరు, బరువు కంప్యూటర్ తనలో తాను రాసుకోవాలి, అంతే.

ఆ గదిలో కూర్చునే మనిషిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఊరు ఫ్యాక్టరీకి ఆనుకునే. ఆ ఊళ్ళో పాత చర్చి ఒకటుంది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆయనే. హార్మోనియం లేకపోయినా శ్రుతి తప్పడని పేరు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. దానిలో ఒక్క మెమో లేదు.

ఆ మెమో సంగతి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో ఏ కాగితం మీదా లేని ఆచారం ఒకటుండేది. సర్వీసంతా ఒక్క మెమో కూడా లేకుండా దిగిపోయే మనిషి, చివరి రోజు సాయంత్రం షిఫ్టు ముగిసే సైరను కూత తన చేత్తో తానే కొడతాడు. ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు గేటు బయట నిలబడి వింటారు. నా పద్దెనిమిదేళ్ళలో అలా కొట్టిన వాళ్ళను నలుగురినే చూశాను. మెమో రాకుండా ఉండటం అంత సులభం కాదు. నాకైతే చేరిన రెండో ఏడే వచ్చింది. కారణం మామిడికాయలు. అది ఇక్కడ అప్రస్తుతం. పెద్దాయనకు ఇంకా ఏడు నెలల చిల్లర సర్వీసు ఉంది. కూత ఆయనదే అని అందరికీ ముందే తెలుసు.

ఇక కాటా కంప్యూటర్. దానికి వయసు మీద పడింది. పెద్దాయన పొద్దున స్విచ్ వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, తెచ్చుకున్న సద్ది తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తెర మీద వెలుగు వచ్చేది. లారీ కాటా ఎక్కాక బరువు రాసుకోవడానికి నిమిషంన్నర పట్టేది. ఆలోపు డ్రైవరు దిగి టీ తాగి మళ్ళీ ఎక్కేవాడు. కొందరు రెండో టీ కూడా.

అప్పుడు కొత్త మేనేజరు వచ్చారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో చదివిన మనిషి. జేబులో స్టాప్‌వాచ్ ఉండేది. మొదటి రోజే కాటా దగ్గర నిలబడి, స్టాప్‌వాచ్ నొక్కి, నిమిషంన్నర తర్వాత నా వైపు చూశారు. ఆ చూపుకు నా సమాధానం ఎస్‌ఎస్‌డీ.

పాత హార్డ్ డిస్కులో గుండ్రటి పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక ముల్లు అటూ ఇటూ పరుగెత్తి రాస్తుంది, చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ ఉండదు. అంతా చిప్పులే. అందుకే వేగం. ఇంతవరకు నాకు బాగా తెలుసు. మిగతాది తెలుసు అనుకున్నాను.

కడపలో ఏడురోడ్ల దగ్గర ఒక సామాన్ల అంగడికి వెళ్ళాను. అన్నిటికన్నా వేగమైనది ఇమ్మన్నాను. అంగడాయన బబుల్‌గమ్ పట్టీ అంత ముక్క ఒకటి తీసి చూపించాడు.

"ఇది శానా జోరు సారూ. అయితే యే మిషన్‌కి?"

"కాటా మిషన్‌కి."

"అది యెప్పటిది?"

"పాతదేలే."

"పాతదయితే దాంట్లో దీనికి సందు ఉండాదా? ఇప్పి చూసినావా?"

ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి ఆ ప్రశ్న అడగొచ్చా? "నాకు తెలీదా?" అన్నాను. ఎర్రగుంట్లకు వచ్చి మూత విప్పితే, ఆ ముక్క పెట్టే చోటు మదర్‌బోర్డు మీద ఎక్కడా లేదు. టార్చి వేసి వెతికాను. కంప్యూటర్ని పక్కకు పడుకోబెట్టి కూడా వెతికాను. మర్నాడు మళ్ళీ కడప.

"ఏమైంది సారూ?"

"సందు లేదు."

"నేను చెప్పలేదా? జెట్ విమానం కొనుక్కోని రాయచోటి బస్టాండులో దించుతానంటే యెట్ల సారూ?"

పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. అప్పుడు ఆయన అరచేతిలో పట్టే చదునైన డబ్బీ లాంటి ఎస్‌ఎస్‌డీ ఇచ్చాడు. మొదటిదానంత వేగం కాదు, కానీ పాత హార్డ్ డిస్కు తీగలే దీనికీ సరిపోతాయి. మీకు నా సాంకేతిక సలహా ఇదొక్కటే: కొనేముందు మూత విప్పి చూడండి. మిగతావన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

ఆదివారం పెద్దాయన చర్చిలో పాట ఎత్తుకునే వేళ, నేను కాటా గదిలో పాత డిస్కులోని సమాచారమంతా కొత్తదానిలోకి ఎక్కించి బిగించాను. స్విచ్ వేశాను. నేను కుర్చీ సర్దుకునేలోపే తెర వెలిగింది. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఇది అతిశయోక్తి కాదు, నిజంగానే కొట్టుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మేనేజరు స్టాప్‌వాచ్ గుర్తొచ్చింది. తూకం ప్రోగ్రాములో ఎంటర్ నొక్కాక "నమోదైంది" అని ఒక చిన్న పెట్టె వచ్చేది. దాన్ని మళ్ళీ నొక్కి మూయాలి. అది రెండు సెకన్ల దండగ అనిపించింది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ పెట్టె రాకుండా టిక్కు తీసేశాను. ఇక ఎంటర్ నొక్కగానే పని అయిపోతుంది. అయిపోయినట్టు తెర మీద మాత్రం ఏమీ కనిపించదు. ఇంకో నంబరు కొట్టేదాకా పాత నంబరు, పాత బరువు అలాగే ఉంటాయి. నాకు తెలుసు కనక నేను ఒక్కసారే నొక్కి చూసుకున్నాను. అద్భుతంగా ఉంది.

సోమవారం పొద్దున మేనేజరు స్టాప్‌వాచ్ నొక్కేలోపు లారీ తూగిపోయింది. "ఇక దీంట్లో తప్పనేది ఉండదు సార్" అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను.

పెద్దాయన మాత్రం, "జోరుగానే ఉండాది సారూ" అని కాసేపు దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. ముఖంలో ఏదో తికమక ఉంది. నా గొప్పతనానికి ఆశ్చర్యపోతున్నాడనుకున్నాను.

మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు, రోజూ వెళ్ళినట్టే గేటుకు కాగితం వెళ్ళింది. కాటా కంప్యూటర్ తీసే పట్టీ అది. లోపలికి వచ్చి ఇంకా బయటికి పోని లారీలు ఎన్ని అని. మా యార్డులో నలభై లారీలకు మించి పట్టవు. నలభై దాటితే గేటు మూయాలని భద్రతా నియమం. ఆ రోజు కాగితం మీద "లోపల ఉన్న లారీలు: 143" అని ఉంది.

గేటు మూసేశారు.

నేను వెళ్ళేసరికి బయట లారీల వరస రైలు గేటు దాకా ఉంది. గేటు లోపల యార్డు బోసిగా ఉంది. ఒక కుక్క పడుకుని ఉంది. దాని పక్కన మిలిటరీలో చేసి వచ్చిన సెక్యూరిటీ ఆయన నిటారుగా నిలబడి, "యార్డు ఫుల్లు. ఒక్క బండి కూడా పట్టదు" అని అరుస్తున్నాడు.

"యాడప్పా ఫుల్లు? కుక్క తప్ప యేముండాది ఆడ?" అని అడుగుతున్నాడు రాయచోటి నుంచి వచ్చే డ్రైవర్ భాయ్ ఒకాయన.

"కాగితంలో ఫుల్లు."

"ఆ కాగితం ఇట్లియ్యి." భాయ్ కాగితం తీసుకుని వేలుపెట్టి చదివాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "అరె! నా బండి నంబరు నాలుగు తూర్లు ఉండాదే! ఒకటి నిన్న పోయింది. మూడు లోపల ఉండాయంట!"

"ఉండాయంటే ఉన్నట్టే."

"అయితే ఆ మూడు బండ్లు నాకు ఇప్పించప్పా. ముగ్గురు కొడుకులు ఉండారు. తలా ఒకటి ఇస్తా."

వరసలో ఉన్న డ్రైవర్లంతా కాగితం మీద పడ్డారు. నాకు రెండు, నాకు అయిదు అని కేకలు. అయిదు వచ్చిన వాడిని మిగతావాళ్ళు అసూయగా చూశారు.

మేనేజరు వచ్చారు. ఖాళీ యార్డు చూశారు. కాగితం చూశారు. "కళ్ళు పొరపడొచ్చు. సిస్టం పొరపడదు. మొన్ననే కదా కొత్తది వేశాం" అని నా వైపు తిరిగారు. అవును అని తల ఊపాను. మీరే చెప్పండి, ఇంకేం చెయ్యను? లారీలను వెతకమని ముగ్గురు సెక్యూరిటీ వాళ్ళను పంపారు. ఒకాయన స్టోరు షట్టరు ఎత్తి చూశాడు. ఒకాయన క్యాంటీన్ వెనక చూశాడు. పది చక్రాల లారీ క్యాంటీన్ వెనక ఎలా దాక్కుంటుందని ఎవరూ అడగలేదు. మూడో ఆయన నీళ్ళ ట్యాంకు ఎక్కి నాలుగు దిక్కులా చూసి, "యాడా లేవు సార్!" అని పైనుంచి అరిచాడు.

"సరిగ్గా చూడు!" అన్నారు మేనేజరు.

నేను కాటా గదికి వెళ్ళాను. భాయ్ గొడవ భరించలేక అతని ఒక్క లారీనీ లోపలికి వదిలారు. అది కాటా మీద ఉంది. పెద్దాయన నంబరు కొట్టాడు, ఎంటర్ నొక్కాడు. తర్వాత కుర్చీలోంచి వంగి, కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించాడు. కాసేపు ఆగి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చెవి ఆనించాడు.

"పెద్దాయనా, ఏం చేస్తాండావు?"

"ఇంటాండా సారూ."

"ఏం ఇంటాండావు?"

"అది రాసుకునే సప్పుడు. ముందరది కర్రుకర్రుమని రాసుకోని, ఆకర్న టిక్కుమనేది. టిక్కుమంటే పడినట్టు. అప్పుడు లారీని పొమ్మని చెయ్యి ఊపేవాణ్ణి. ఇదేమో నోరే తెరవదు. పడలేదేమోనని మల్లా నొక్కుతాండా."

ఆయన ఆ పాత డిస్కు పాటను ఏళ్ళ తరబడి వింటూ వచ్చాడు. అంత లారీల హోరులో, ఫ్యాను రొదలో, ఆ చిన్న టిక్కును ఏరుకుని వినే చెవి అది. నేను దాన్ని పీకి చప్పుడు లేనిది పెట్టాను. పెట్టె ఒకటి వచ్చి ఉంటే అయినా ఆయనకు తెలిసేది. దాన్ని కూడా నేనే తీసేశాను. చెవికీ కంటికీ రెండింటికీ గంతలు కట్టి, పైగా చప్పట్లు కొట్టుకున్నాను.

ఇదంతా నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి మేనేజరు తల లోపలికి వచ్చింది.

"ఏంటి ప్రాబ్లం?"

నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: "ఒక్కసారి నొక్కాల్సింది నాలుగైదు సార్లు నొక్కారు సార్."

అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అందుకే అది అంత నీచమైన మాట. మేనేజరు వెళ్ళాక ఆ పెట్టె టిక్కు మళ్ళీ పెట్టేశాను. ఎవరూ చూడలేదు. అబద్ధపు లారీలను ఒక్కొక్కటిగా తుడిచాను. మధ్యాహ్నానికి గేటు తెరిచారు. సాయంత్రానికి పెద్దాయనకు మెమో వచ్చింది. "యంత్రమును నిర్లక్ష్యముగా పలుమార్లు నొక్కినందున" అని మొదలవుతుంది. ఆయనను కాటా నుంచి తీసి స్టోరులో ఖాళీ గోతాలు లెక్కపెట్టే పనికి వేశారు.

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటి మెమో. కూత పోయింది.

అక్కడి నుంచి ఏడు నెలలు. నేను స్టోరు వైపు వెళ్ళకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను. అయినా ఒకరోజు ఎదురుపడ్డాడు. ఒళ్ళంతా గోతాల దుమ్ము. కోపం లేదు, ఏమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"సారూ, ఒకటి చెప్పు. నేను నొక్కినాక అది పడిందో లేదో నాకు యెట్ల తెలియల్ల? తప్పు నాదే, ఒప్పుకుంటా. యెట్ల తెలుసుకోవల్లో చెప్తే, అది తెలీక చేసినానని ఒక సమాధానం ఉంటాది."

"ప్రింటరు ఏదో చెడిపోయిందంట, పోతాండా" అని పరుగెత్తాను.

ఆయన దిగిపోవడానికి వారం ఉందనగా నాకు నిద్ర చెడింది. మేనేజరు గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. హార్డ్ డిస్కు, ముల్లు, టిక్కు, పెట్టె, అన్నీ. ఆయన నెమ్మదిగా విని, లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఎంత మంచి మనసయ్యా నీది! రిటైరయ్యే మనిషి కోసం తప్పు నీ మీద వేసుకుంటున్నావు."

"లేదు సార్, నిజంగా నేనే..."

"చాలు. నాకు అర్థమైంది."

రెండు రోజుల తర్వాత నన్ను పిలిచి, ఆ ఏటి ఉత్తమ ఉద్యోగి అని హాట్‌బాక్స్ ఇచ్చారు. క్యాంటీన్‌లో నిలబడి పదిమందికీ నిజం చెప్పాను. "ఊరుకో సారూ. దేవుడు నీకు మంచి చేస్తాడు" అని వడ్డించే ఆమె ఇంకో చపాతీ వేసింది. సెక్యూరిటీ ఆయన సెల్యూట్ కొట్టాడు. నేను నా తప్పు ఒప్పుకున్న కొద్దీ మహానుభావుణ్ణి అయిపోతున్నాను.

చివరి రోజు వచ్చేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనేజరు దగ్గరికి వెళ్ళి, "సార్, కాటా స్పీడు ఇంకా పెంచాను. మీరే ఒకసారి స్వయంగా నొక్కి చూడాలి" అన్నాను. స్టాప్‌వాచ్ తీసుకుని వెంటనే వచ్చేశారు. నేను ముందే వెళ్ళి ఆ పెట్టె టిక్కు మళ్ళీ తీసి ఉంచాను. కాటా మీద ఆ రోజు కూడా రాయచోటి భాయ్ బండే ఉంది. కిటికీ దగ్గర ఏడెనిమిది మంది చేరారు.

మేనేజరు కుర్చీలో కూర్చున్నారు. నంబరు కొట్టారు. ఎంటర్ నొక్కారు. తెర కదల్లేదు. నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. మళ్ళీ నొక్కారు. కొంచెం గట్టిగా నొక్కారు. కీబోర్డు ఎత్తి దులిపి నొక్కారు.

"పని చెయ్యట్లేదేంటయ్యా?" అని వరసగా మూడుసార్లు నొక్కారు.

నేను ముందుకు వంగి, లోపల ఉన్న లారీల పట్టీ తెరిచి చూపించాను. ఒకే నంబరు, ఒకే బరువు, ఏడు వరసలు.

భాయ్ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి, "యెన్ని వచ్చినాయి సార్?" అన్నాడు.

"ఏడు" అన్నాడు ఎవరో.

"మంచి చెయ్యి సార్ మీది. ముసలాయన నాలుగుతోనే ఆపేసినాడు."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. తెర మీది ఏడు వరసలనూ వేలుపెట్టి లెక్కపెట్టుకున్నారు. ఆ తర్వాత పెద్దాయన ఫైలు తెప్పించి, మెమో బయటికి తీసి, నాలుగు ముక్కలు చేశారు.

"ఆ మెమో నాకివ్వండి సార్. నా పేరు మీద రాయండి" అన్నాను.

"నీకిస్తే మరి నాకెవరిస్తారు?" అన్నారు ఆయన. అలా ఏ కాగితం మీదా ఎవరి తప్పూ లేకుండా పోయింది. కాగితం మీద లేనిది నోటి మీద మిగిలిపోయింది. నోళ్ళకు ముసలాయన కథే బాగుంటుంది. అందులో తప్పేమీ లేని ఆయన ఉన్నాడు, నేను లేను.

స్టోరుకు నేనే పరుగెత్తాను. పెద్దాయన గోతాల కట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఎలా చెప్పానో గుర్తులేదు. పాదాల మీద పడబోతే, "ల్యా సారూ, ఇదేం పని! గోనె దుమ్ము అంటుకుంటాది" అని లేపి, చొక్కా దులుపుకుని, "టైమెంత?" అని అడిగాడు.

టైము పది నిమిషాలు తక్కువ అయిదు. అప్పటికప్పుడు ఊరికి కబురు వెళ్ళింది. గేటు బయట ఆయన భార్య, చర్చి వాళ్ళు పది పదిహేను మంది, పరుగున వచ్చి నిలబడ్డారు. పెద్దాయన కూత గదిలోకి వెళ్ళాడు. అయిదింటికి కూత మోగింది. మామూలుగా మోగేంతసేపే మోగింది. ఒక్క క్షణం కూడా ఎక్కువ పట్టి ఉంచలేదు.

బయటికి వచ్చాక మెడలో దండ వేశారు. ఆయన వెనక హాట్‌బాక్స్ పట్టుకుని నేను. అది ఆయనకు ఇవ్వాలనుకుని తెచ్చాను, ఎలా ఇవ్వాలో తెలియక పట్టుకునే ఉన్నాను. ఆయన భార్య ఆయనను పైనుంచి కిందికి చూసింది.

"ఇంతేనా? ఇది రోజూ మన ఇంట్లోకి ఇనపడేదే గదా సామీ. దీనికోసరమా ఏడు నెల్లు రాత్రిపూట అన్నం ముట్టకుండా పండుకున్యావు?"

"నీకు తెలీదులే. రోజూ ఇనేది కంపెనీది. ఇది నాది" అన్నాడు పెద్దాయన.

ఆమెకు నేనెవరో తెలియదు. నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు నాయనా ఈయనకు" అంది నవ్వుతూ.

హాట్‌బాక్స్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఆ ఏడు నెలలూ నేను మూడు పూటలా తిన్నాను.